అలర్జిక్ రైనైటిస్ క్లెయిమ్ డినై అయిందా? అమెరికా సైన్యంలో పనిచేసిన తెలుగువాళ్లకు అప్పీల్ ప్రశ్నలు, జవాబులు

స్టూడెంట్ వీసా మీద వచ్చి మావ్నీ ప్రోగ్రామ్‌లో (గ్రీన్ కార్డ్ లేకున్నా, పనికొచ్చే నైపుణ్యాలున్న విదేశీయుల్ని సైన్యంలోకి తీసుకున్న పథకం) ఆర్మీలో చేరినవాళ్లు, గ్రీన్ కార్డ్ వచ్చాక చేరినవాళ్లు, ఇక్కడే పుట్టి పెరిగి హైస్కూల్ అవగానే యూనిఫామ్ వేసుకున్న మన పిల్లలు, వీళ్లందరికోసం ఇది. వీఏకి, అంటే మాజీ సైనికుల వ్యవహారాలు చూసే వెటరన్స్ అఫైర్స్ శాఖకి, డిజేబిలిటీ పరిహారం కోసం క్లెయిమ్ వేసేటప్పుడు వీపు నొప్పి, మోకాళ్లు, చెవిలో హోరు గుర్తుంటాయి. ముక్కు అలర్జీ, అంటే అలర్జిక్ రైనైటిస్, మాత్రం ఆఖర్న ఒక లైన్‌గా రాస్తారు. అది డినై అయితే "పోనీలే, జలుబేగా" అని వదిలేస్తారు. అలా వదిలేయకండి, ఎందుకో కింద చదివితే తెలుస్తుంది.

ముక్కు కారడానికి కూడా డిజేబిలిటీ ఇస్తారా?

ఇస్తారు. వీఏ రేటింగ్ పట్టికలో అలర్జిక్ రైనైటిస్‌కి సొంత కోడ్ ఉంది, 6522. అందులో ఉన్న మెట్లు రెండే. ముక్కులో పాలిప్స్ (లోపల పెరిగే మెత్తటి కండలు) ఉంటే 30 శాతం. పాలిప్స్ లేకుండా రెండు వైపులా సగానికి మించి మూసుకుపోయినా, ఒక వైపు పూర్తిగా మూసుకుపోయినా 10 శాతం. ఈ రెండింటికీ అందకపోతే, జబ్బు సర్వీసు వల్లే వచ్చిందని ఒప్పుకున్నా 0 శాతం.

తుమ్ములు, కళ్ల దురద, రాత్రి నిద్ర పట్టకపోవడం, రోజుకో టిష్యూ డబ్బా, ఇవేవీ ఆ కోడ్‌లో లేవు. చాలా అప్పీళ్లు ఇక్కడే దెబ్బతింటాయి. మనిషి తన బాధంతా చెప్పుకుంటాడు, రేటింగ్ వేసేవాళ్లు వెతికేది గాలి దారి ఎంత మూసుకుందన్న ఒక్క సంగతి.

0 శాతం ఇచ్చారు. గెలిచినట్టా, ఓడినట్టా?

నా దృష్టిలో గెలిచినట్టే. డబ్బు రాదు, నిజమే. కానీ సర్వీస్ కనెక్షన్, అంటే జబ్బు సర్వీసు వల్లే వచ్చిందన్న గుర్తింపు, వచ్చేసింది. రైనైటిస్‌కి వీఏలో చికిత్స, మందులు కోపే లేకుండా దొరుకుతాయి. రేపు పాలిప్స్ వస్తే పెంచమని అడగొచ్చు, జబ్బు సర్వీసు వల్లే వచ్చిందని మళ్లీ మొదట్నుంచీ రుజువు చేయక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, దీనివల్ల ముదిరిన సైనసైటిస్, ఆస్తమా, స్లీప్ ఆప్నియాలను (నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు) దీనికి సెకండరీగా, అంటే దీనివల్ల వచ్చిన జబ్బులుగా, అడిగే అవకాశం వస్తుంది. డబ్బు లెక్క కూడా చెప్తాను: 2025 రేట్ల ప్రకారం 10 శాతానికి నెలకు 175.51 డాలర్లు, 30 శాతానికి ఒంటరి వెటరన్‌కి 537.42 డాలర్లు, పన్ను లేకుండా. ముక్కు ఒక్కదానికే చూస్తే చిన్న మొత్తంలా ఉంటుంది, దాని వెనక రాగలిగినవి మాత్రం చిన్నవి కావు.

"సీజనల్ అలర్జీ, దానంతటదే తగ్గిపోతుంది" అని కొట్టేశారు. ఇప్పుడేం చేయాలి?

ఈ మాట 38 సీఎఫ్ఆర్ (వీఏకి వర్తించే ఫెడరల్ నిబంధనల సంపుటి) లోని 3.380 అనే నిబంధన నుంచి వస్తుంది. అలర్జీకి కారణమైన వస్తువు పోగానే తగ్గిపోయే సీజనల్ లక్షణాలను మామూలుగా తాత్కాలిక జబ్బుగా, మచ్చ మిగలకుండా మానిపోయేదిగా చూడాలని అందులో ఉంది. కానీ అదే నిబంధన ఇంకో మాట కూడా చెప్తోంది: అలర్జీ జబ్బులను పుట్టుకతో వచ్చిన తత్వం అని మొక్కుబడిగా తోసేయకూడదు, ఫైల్ మొత్తం చూసి తేల్చాలి. డినయల్ లెటర్లలో మొదటి సగమే కనిపిస్తుంటుంది. మీ అప్పీల్‌లో రెండో సగం ఎత్తి చూపండి.

దానికి తగ్గ ఆధారం ఏమిటంటే, ఏడాది పొడుగునా ఉందని చూపించడం. టెక్సస్‌లో డిసెంబరు, జనవరుల్లో సెడార్ పుప్పొడి, వసంతంలో ఓక్, ఆగస్టు తర్వాత రాగ్‌వీడ్. నాలుగు కాలాల్లోనూ ఫార్మసీలో ఫ్లూటికాసోన్ స్ప్రే రీఫిల్ అయిన చిట్టా ఉంటే "సీజనల్" అన్న మాట నిలబడదు. డాక్టర్ నోట్‌లో "క్రానిక్" లేదా "పెరెన్నియల్" అన్న మాట ఉందో లేదో చూడండి. లేకపోతే, అది నిజమైతే, వచ్చే అపాయింట్‌మెంట్‌లో అడిగి రాయించుకోండి.

సర్వీసులో ఒక్కసారి కూడా ముక్కు కోసం సిక్ కాల్‌కి (ఆర్మీ డాక్టర్‌కి చూపించుకోవడానికి) వెళ్లలేదు. రికార్డే లేదు. కథ ముగిసినట్టేనా?

ముగియలేదు, కానీ కష్టం. మామూలుగా మూడు కావాలి: ఇప్పుడు జబ్బు ఉందన్న డయాగ్నసిస్, సర్వీసులో ఏదో జరిగిందనో మొదలైందనో ఆధారం, ఆ రెండింటినీ కలిపే డాక్టర్ అభిప్రాయం. మూడోదాన్నే నెక్సస్ అంటారు.

మనవాళ్లలో ఒక అలవాటుంది. ముక్కు దిబ్బడేస్తే బ్యారక్స్‌లో వేడినీళ్లలో విక్స్ వేసి ఆవిరి పట్టడం, ఇంటినుంచి వచ్చిన అమృతాంజనం నుదుటికి రాసుకుని పడుకోవడం, పీఎక్స్‌లో (బేస్‌లోని దుకాణం) అలర్జీ మాత్రల డబ్బా కొనుక్కోవడం. డాక్టర్ దగ్గరికి వెళ్తే "సిక్ కాల్ రేంజర్" అని, అంటే పని ఎగ్గొట్టడానికి జబ్బు నటిస్తున్నాడని, ఎగతాళి చేస్తారని భయం. అందుకే మెడికల్ ఫైల్‌లో ఏమీ ఉండదు. ఇవన్నీ స్టేట్‌మెంట్‌లో రాయొచ్చు. ముక్కు కారడం, గాలి ఆడకపోవడం లాంటివి మనిషి తన కళ్లతో, తన ఒంటితో తెలుసుకోగలిగే సంగతులు కాబట్టి వాటి గురించి మామూలు మనిషి మాట కూడా సాక్ష్యమేనని 1994 నాటి లేనో కేసులో వెటరన్స్ కోర్ట్ చెప్పింది. అయితే "ఇరాక్ దుమ్ము వల్లే వచ్చింది" అనే వైద్య నిర్ణయం సాధారణంగా డాక్టర్ నోటినుంచే రావాలి.

ఒక చిక్కు కూడా చెప్పాలి. "అప్పట్నుంచి ఇప్పటివరకు ఆగకుండా ఉంది" అని లక్షణాల కొనసాగింపు ఒక్కటే చూపించి గెలిచే పద్ధతి అదే సంపుటిలో 3.309 నిబంధనలోని క్రానిక్ జబ్బుల జాబితాకే వర్తిస్తుందని 2013 లో వాకర్ కేసులో వెటరన్స్ కోర్ట్‌కి పై కోర్టైన ఫెడరల్ సర్క్యూట్ తేల్చింది. రైనైటిస్ ఆ జాబితాలో లేదు. అందుకే స్టేట్‌మెంట్ ఎంత బాగున్నా దాన్ని చదివి రాసిన నెక్సస్ అభిప్రాయం లేకపోతే ఫైల్ కుంటుతుంది.

స్టేట్‌మెంట్ ఎలా ఉండాలి? భార్య రాస్తే లెక్కలోకి వస్తుందా?

వస్తుంది. ఫామ్ 21-10210 దానికోసమే. "ఆయనకి అలర్జీ చాలా ఎక్కువ, ఎంతో బాధపడుతున్నారు" అని రాస్తే పనికిరాదు. చూసింది రాయాలి. ఉదాహరణకి ఇలా: "మా పెళ్లయ్యేసరికి ఆయన ఇంకా యూనిఫామ్‌లోనే ఉన్నారు. కువైట్ నుంచి వచ్చాక రాత్రిళ్లు నోరు తెరిచి గాలి పీల్చుకోవడం మొదలైంది. మూడింటికి లేచి బాత్రూంలో ముక్కు కడుక్కునేవారు, మళ్లీ పడుకోలేక సోఫాలో కూర్చునే నిద్రపోయేవారు. కారు డోర్‌లో, దిండు పక్కన, ఆఫీస్ బ్యాగ్‌లో ఎప్పుడూ టిష్యూలే." తేదీలు సుమారుగా ఉన్నా ఫరవాలేదు, నిజం ఉండాలి.

మనకు ప్రత్యేకంగా పనికొచ్చేది ఇంకొకటి ఉంది. చిన్నప్పటి అలర్జీ అని వీఏ అంటుంటే, గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న అమ్మానాన్నలు "వీడికి చిన్నప్పుడు ఈ బాధ లేదు" అని రాసిచ్చిన ఉత్తరం పెట్టొచ్చు. తెలుగులో రాస్తే ఇంగ్లిష్ అనువాదం, అనువదించినవాళ్ల పేరు, సంతకం జతచేయండి. మన చిన్నప్పటి డాక్టర్ చీటీలు ఎవరి దగ్గరా ఉండవు కాబట్టి ఆ ఉత్తరానికి విలువ ఎక్కువ.

"చేరకముందే ఉంది" అని డినై చేశారు. చేరేటప్పుడు ఫామ్‌లో హే ఫీవర్ దగ్గర టిక్ పెట్టాను.

ఇది గెలవదగ్గ పాయింట్, జాగ్రత్తగా చదవండి. మీరు నింపిన చరిత్ర ఫామ్ వేరు, డాక్టర్ మిమ్మల్ని పరీక్షించి నింపిన ఎంట్రన్స్ ఎగ్జామ్ రిపోర్ట్ వేరు. చట్టప్రకారం, ఎంట్రన్స్ ఎగ్జామ్‌లో డాక్టర్ జబ్బు అని నమోదు చేసినవి తప్ప మిగతా అన్నిటిలో మీరు ఆరోగ్యంగానే చేరారని వీఏ భావించాలి. మీరు పెట్టిన టిక్ ఒక్కటే "నమోదు" కిందికి రాదు. ఆ భావనను పడగొట్టాలంటే వీఏ రెండూ చూపించాలి: జబ్బు ముందే ఉందని, సర్వీసులో ముదరలేదని. రెండిటికీ తిరుగులేని ఆధారం కావాలి. "ఉండొచ్చు", "అనిపిస్తోంది" చాలవు. 2004 నాటి వాగ్నర్ కేసు చెప్పింది ఇదే.

ఎంట్రన్స్ ఎగ్జామ్‌లో డాక్టరే "అలర్జిక్ రైనైటిస్" అని రాసి ఉంటే మాత్రం దారి మారుతుంది. అప్పుడు సర్వీసులో అది ముదిరిందని మీరు చూపించాలి.

ఇరాక్, కువైట్, ఖతార్, అఫ్గానిస్తాన్‌లో చేశాను. నాకేమైనా తేడా ఉందా?

చాలా ఉంది. 2022 ఆగస్టు 10న సంతకమైన పాక్ట్ చట్టం క్రానిక్ రైనైటిస్, క్రానిక్ సైనసైటిస్ రెండిటినీ ప్రిజంప్టివ్ జాబితాలో, అంటే సర్వీసు వల్లే వచ్చాయని వీఏ ముందుగానే భావించే జబ్బుల జాబితాలో, పెట్టింది. 1990 ఆగస్టు 2 తర్వాత ఇరాక్, కువైట్, సౌదీ, బహ్రెయిన్, ఖతార్, ఎమిరేట్స్, ఒమన్, సోమాలియాల్లో, లేదా 2001 సెప్టెంబరు 11 తర్వాత అఫ్గానిస్తాన్, జోర్డాన్, సిరియా, జిబూటీ వంటి చోట్ల పనిచేస్తే బర్న్ పిట్ (చెత్త తగలబెట్టే గుంత) పొగ, సన్నటి దుమ్ము మీకు తగిలాయని వీఏ ఒప్పుకోవాలి. నెక్సస్ అక్కర్లేదు. ఇప్పుడు జబ్బు ఉందని, అక్కడ పనిచేశారని చూపిస్తే సర్వీస్ కనెక్షన్ వస్తుంది.

అంతకుముందు 2021 ఆగస్టులో వీఏ తెచ్చిన రూల్‌లో, సర్వీస్ వదిలిన పదేళ్లలోపు జబ్బు కనిపించి ఉండాలన్న షరతు ఉండేది. ఆ షరతు వల్ల డినై అయినవాళ్లు పాక్ట్ చట్టం కింద సప్లిమెంటల్ క్లెయిమ్ (డినై అయ్యాక మళ్లీ వేసే క్లెయిమ్, వివరాలు కింద ఉన్నాయి) వేయండి. చట్టం మారడమే మళ్లీ చూడటానికి సరిపోయే కారణం. డయాగ్నసిస్ "అలర్జిక్" అని మాత్రమే ఉంటే అది దీర్ఘకాలికమని డాక్టర్‌తో స్పష్టంగా రాయించుకోండి, ఒక్క మాట దగ్గర ఫైల్ ఆగిపోకూడదు.

నేను రిజర్వ్‌లో ఉన్నాను, నెలకో వారాంతం డ్రిల్, ఏడాదికి రెండు వారాలు ట్రైనింగ్. నాకు వస్తుందా?

వారాంతపు డ్రిల్‌లో మొదలైన జబ్బుకి రాదు, అక్కడ గాయాలకే వర్తిస్తుంది. రెండు వారాల ట్రైనింగ్‌లోగానీ బేసిక్ ట్రైనింగ్‌లోగానీ మొదలైందని చూపగలిగితే రావచ్చు, అయితే పైన చెప్పిన భావనలు, మినహాయింపులు చాలావరకు మీకు అందవు, రుజువు భారమంతా మీమీదే. డిప్లాయ్‌మెంట్ ఆర్డర్లు ఉంటే ఆ కాలం యాక్టివ్ డ్యూటీ కింద లెక్క, దాన్ని పట్టుకోండి.

సీ అండ్ పీ ఎగ్జామ్‌లో (క్లెయిమ్ కోసం వీఏ చేయించే వైద్య పరీక్ష) పది నిమిషాలు చూసి పంపించారు. అక్కడ అసలేం జరుగుతుంది?

డాక్టర్ చిన్న స్పెక్యులమ్‌తో ముక్కు రంధ్రం తెరిచి, లైట్ వేసి, రెండు వైపులా చూస్తారు. తర్వాత డీబీక్యూ అనే ఫామ్‌లో టిక్‌లు పెడతారు. రైనైటిస్ భాగంలో ప్రశ్నలు కొన్నే: రెండు వైపులా 50 శాతానికి మించి అడ్డంకి ఉందా? ఎడమవైపు పూర్తిగా మూసుకుందా? కుడివైపు? టర్బినేట్స్ (ముక్కు లోపలి పక్క గోడల మీది మడతలు) శాశ్వతంగా ఉబ్బాయా? పాలిప్స్ ఉన్నాయా? మీ రేటింగ్ ఆ టిక్‌ల మీద నడుస్తుంది.

టర్బినేట్స్ ఉబ్బాయన్న దగ్గర "అవును" చూసి చాలామంది సంతోషపడతారు. దానికి 6522 లో శాతం లేదు. 10 శాతం ఇచ్చేది అడ్డంకి టిక్, 30 ఇచ్చేది పాలిప్ టిక్. లైట్ వేసి ముందునుంచి చూస్తే లోపలున్న పాలిప్స్ కనపడకపోవచ్చు. ఈఎన్‌టీ డాక్టర్ చేసిన ఎండోస్కోపీ రిపోర్టో సీటీ స్కానో ఉంటే ఎగ్జామ్‌కి ముందే ఫైల్‌లో పెట్టేయండి. మీ ఈఎన్‌టీ నోట్‌లో "నాసల్ కంజెషన్ ఉంది" అని ఉంటే చాలదు, ఎడమ ఎంత శాతం, కుడి ఎంత శాతం అని అంకె వేసి రాయమనండి. వాళ్లకి ఈ రూల్ తెలియదు, అడిగితే చూసి రాస్తారు.

ఎగ్జామ్‌కి మాత్రం వెళ్లకుండా ఉండొద్దు. సరైన కారణం లేకుండా ఎగ్గొడితే ఫైల్‌లో ఉన్నదాన్ని బట్టే తేల్చేస్తారు, పెంచమని వేసిన క్లెయిమ్ అయితే డినై చేసేస్తారు.

ఆ రోజు ముక్కు బాగానే ఉంది. స్ప్రే వాడుతున్నా కదా.

రోజూ వచ్చే టెన్షనే ఇది. రెండు కేసులు గుర్తుపెట్టుకోండి. 1994 నాటి ఆర్డిసన్ కేసు ప్రకారం, వచ్చిపోయే జబ్బుని అది చురుగ్గా ఉన్నప్పుడు పరీక్షించాలి. మీకు అక్టోబరులో ముక్కు మూసుకుపోతే, జులైలో చూసి "ఏమీ లేదు" అన్న రిపోర్ట్ సరిపోదని వాదించొచ్చు. 2012 నాటి జోన్స్ కేసు ప్రకారం, రేటింగ్ కోడ్‌లో మందుల ప్రస్తావన లేనప్పుడు మందు ఇచ్చే ఉపశమనాన్ని చూపించి రేటింగ్ తగ్గించకూడదు. 6522 లో మందుల మాటే లేదు. అప్పీల్ రాసే రోజుకి ఆ రూల్ ఎలా ఉందో మీ ప్రతినిధితో ఒకసారి సరిచూసుకుని వాడండి.

ఎగ్జామ్ కోసం మందులు మానేయమని కొందరు సలహా ఇస్తుంటారు, నేను ఇవ్వను. ఆస్తమా కూడా ఉన్నవాళ్లకి అది ప్రమాదం. దానికి బదులు, ఏ మందు ఎంతకాలంగా వాడుతున్నారు, ఆపితే ఏమవుతుంది అన్నది ఎగ్జామినర్‌తో చెప్పి, రిపోర్ట్‌లో రాయమని అడగండి. ముక్కు మూసుకున్న రోజుల్లో అర్జెంట్ కేర్‌కి వెళ్లినా ఆ నోట్ మీకు ఆధారమే.

మూడు దారులున్నాయంటారు. నేను ఏది పట్టుకోవాలి?

2019 ఫిబ్రవరి 19 నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. నిర్ణయం మీద ఉన్న తేదీ నుంచి ఏడాదిలోపు ఒకటి ఎంచుకోవాలి.

రైనైటిస్ విషయంలో ఎక్కువమందికి సరిపడేది సప్లిమెంటల్ క్లెయిమ్, ఫామ్ 20-0995. కొత్తదీ, కేసుకి సంబంధించినదీ ఏదైనా ఆధారం కావాలి: నెక్సస్ లెటర్, ఎండోస్కోపీ, భార్య స్టేట్‌మెంట్. లోపం ఆధారాల్లో ఉంటే ఇదే దారి.

ఆధారాలన్నీ ఫైల్‌లో ఉండి వీఏ తప్పు చదివితే హయ్యర్ లెవెల్ రివ్యూ, ఫామ్ 20-0996. కొత్త కాగితం ఒక్కటి కూడా పెట్టనివ్వరు. ఫోన్‌లో ఒకసారి మాట్లాడే అవకాశం ఇస్తారు, తప్పకుండా అడగండి. డీబీక్యూలో 50 శాతం టిక్ ఉన్నా 0 ఇచ్చారంటే ఇక్కడికి వెళ్లాలి.

బోర్డ్ అప్పీల్, ఫామ్ 10182, వాషింగ్టన్‌లోని వెటరన్స్ లా జడ్జి ముందుకు వెళ్తుంది. ఉన్న ఫైల్ మీదే తేల్చమనొచ్చు, లేదా 90 రోజుల్లో ఆధారాలు పెడతాననొచ్చు, లేదా హియరింగ్ అడగొచ్చు. హియరింగ్ వీడియోలో కూడా జరుగుతుంది. ఇది నెమ్మది దారి, ఏడాది దాటడం మామూలు. ముందే ఉన్న జబ్బు, 3.380 లాంటి చట్టపరమైన గొడవలకి ఇది నయం. అక్కడా ఓడిపోతే 120 రోజుల్లో వెటరన్స్ కోర్ట్‌కి వెళ్లొచ్చు, లేదా కొత్త ఆధారంతో మళ్లీ సప్లిమెంటల్ వేయొచ్చు.

ఏడాది దాటినా సప్లిమెంటల్ వేయనిస్తారు, కానీ మొదటి క్లెయిమ్ తేదీ నుంచి రావాల్సిన బకాయిలు పోతాయి. ఏడాదిలోపు ఏదో ఒకటి వేస్తూ పోతే ఆ తేదీ నిలబడుతుంది.

ఏది ఎంచుకున్నా ముందు డెసిషన్ లెటర్‌లో "ఫేవరబుల్ ఫైండింగ్స్" అన్న భాగం చదవండి. అక్కడ "డయాగ్నసిస్ ఉంది" అని రాసి ఉంటే దానిమీద మళ్లీ పోట్లాడక్కర్లేదు, ఆ తర్వాతి అధికారులు కూడా స్పష్టమైన తప్పు బయటపడితే తప్ప దానికి కట్టుబడాలి.

సైనసైటిస్, స్లీప్ ఆప్నియా కూడా ఉన్నాయి. అన్నీ కలిపి ఇస్తారా?

రైనైటిస్‌కీ సైనసైటిస్‌కీ విడివిడిగా రేటింగ్ ఇవ్వొచ్చు. సైనసైటిస్‌లో ఏడాదికి ఎన్నిసార్లు తిరగబెట్టిందన్నది లెక్క, తలనొప్పి, చీముతో ఆరుసార్లకి మించితే 30 శాతం. ఆస్తమా, స్లీప్ ఆప్నియా రెండూ ఉంటే మాత్రం రెండిటికీ కలిపి ఒకే రేటింగ్ వస్తుంది.

సెకండరీగా అడిగేటప్పుడు డాక్టర్ రెండు ప్రశ్నలకి జవాబు చెప్పాలి: రైనైటిస్ వల్ల వచ్చిందా, లేకపోతే రైనైటిస్ వల్ల ముదిరిందా? వీఏ ఎగ్జామినర్ మొదటిదానికి "కాదు" అని రాసి రెండోది వదిలేస్తే ఆ అభిప్రాయం అసంపూర్ణం. 2013 నాటి ఎల్-అమీన్ కేసు చెప్పి రిపోర్ట్ వెనక్కి పంపమని అడగండి. ఇలా వెనక్కి వెళ్లిన కేసులు చాలా ఉన్నాయి. స్లీప్ ఆప్నియా రేటింగ్ మారుస్తామని వీఏ 2022 లో ప్రతిపాదించింది, అందుకే వేసేనాటికి అమల్లో ఉన్న పట్టిక చూసుకోండి.

నా స్నేహితుడికి బోర్డ్ ఇచ్చింది. అదే తీర్పు నా అప్పీల్‌లో పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కానీ బోర్డ్ తీర్పులు మిగతా కేసులకి కట్టుబాటు కావు. అందులో జడ్జి ఏ ఆధారాన్ని నమ్మారో చూసి, అలాంటిది మీరు సంపాదించుకోవడం ఎక్కువ లాభం.

లాయర్‌ని పెట్టుకోవాలా? ఒక కంపెనీ, నెలనెలా పెరిగే మొత్తానికి కొన్ని రెట్లు ఫీజుగా అడుగుతోంది.

ఆ కంపెనీకి వద్దనండి. మొదటి క్లెయిమ్‌కి డబ్బు తీసుకోవడం అసలు చట్టమే ఒప్పుకోదు, ఎవరు సహాయం చేసినా వీఏ గుర్తింపు ఉండాలి. డీఏవీ, వీఎఫ్‌డబ్ల్యూ, అమెరికన్ లీజియన్ లాంటి సంఘాల ప్రతినిధులు ఉచితంగా చేస్తారు. డినై అయ్యాక గుర్తింపు ఉన్న లాయర్‌ని పెట్టుకోవచ్చు. బకాయిల్లో 20 శాతం వరకు ఫీజు సమంజసమని రూల్, మూడో వంతు దాటితే కాదు. ముక్కు ఒక్కటే అయితే సంఘం ప్రతినిధి చాలు. కోర్ట్ దాకా వెళ్తే లాయర్ తప్పనిసరి అనే అంటాను.

హైదరాబాద్ తిరిగి వచ్చేశాను. అప్పీల్ ఆగిపోతుందా?

ఆగదు. పరిహారం ఇండియాలో ఉన్నా వస్తుంది. సర్వీస్ కనెక్ట్ అయిన జబ్బుకి ఇక్కడ చేయించుకున్న చికిత్స ఖర్చుని ఫారిన్ మెడికల్ ప్రోగ్రామ్ కింద అడగొచ్చు, దానికి 0 శాతం ఉన్నా సరిపోతుంది. ఇక్కడి ఈఎన్‌టీ రిపోర్టులు కూడా ఆధారాలే, ఎడమ కుడి శాతాలు ఇంగ్లిష్‌లో ఉండాలి అంతే. ఇండియన్ ఆర్మీ డిజేబిలిటీ పెన్షన్‌కీ దీనికీ సంబంధం లేదు, అది వేరే చట్టం, వేరే ట్రిబ్యునల్.

వచ్చేముందు వీఏలో అడ్రస్ మార్చండి. ఉత్తరం డాలస్‌లోని పాత అపార్ట్‌మెంట్‌కి వెళ్లినా ఏడాది గడువు దానిమీదున్న తేదీ నుంచే మొదలవుతుంది. ఆన్‌లైన్ అకౌంట్‌లో నిర్ణయాల పీడీఎఫ్‌లు వస్తాయి, అందుకని అమెరికా ఫోన్ నంబర్ వదిలేసేలోపే లాగిన్ కోడ్‌లు ఇండియాలో అందేలా ఏర్పాటు చేసుకోండి.